బొంకుపాలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఆవు నేనే.

ఆ మాట అన్నది మా మామగారు. బతుకంతా పాలు పితికి, పాలు మోసి, వీధి వీధీ తిరిగి పాలు పోసిన మనిషి. ఏది ఆవో ఏది కాదో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది?

మా ఆవిడ అంతకుముందు చలికాలంలో పోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరం, నేనూ ఆవిడ నాన్నా. ముసలితనంలో పశువుల్ని అమ్మేసి, కూతురి దగ్గర ఉంటానని వచ్చిన మనిషి చివరికి అల్లుడి దగ్గర తేలాడు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేవాణ్ణి. ఆయన పగలంతా కింద వాటాలో టైలరమ్మ వరండాలో కూర్చుని, వీధిలో పోయే పాలబండ్లను చూసి పెదవి విరిచేవాడు.

ఎండలు ముదిరేసరికి ఆయనకు కడుపు చెడింది. ఏం తిన్నా ఉబ్బరం, నొప్పి. క్లినిక్కుకు తీసుకెళ్ళాను. చీటీలు రాసే అమ్మాయి, "ఈయన మీకేమవుతారు?" అని అడిగింది.

"మామగారు."

"వాళ్ళమ్మాయి రాలేదా?"

"లేదమ్మా" అన్నాను.

ఆ 'లేదు'లో రెండర్థాలున్నాయని ఆ పిల్లకు తెలిసినట్టుంది. ఇంకేమీ అడగకుండా మా చీటీని పైన పెట్టి, మమ్మల్ని ముందు లోపలికి పంపింది.

డాక్టరు కుర్రవాడు. పొట్ట నొక్కి చూసి, "పెద్దాయనా, పాలు మానెయ్యాలి. మీ కడుపుకు ఇక పాలు అరగవు" అన్నాడు.

"ఊపిరి మానెయ్యమనండి బాబూ, అది తేలిక."

"ఊపిరి ఉండాలనే పాలు మానమంటున్నాను. గింజల పాలు తాగండి. సోయా, ఓట్సు, బాదం, ఏదైనా సరే. ఇంట్లోనే చేసుకోవచ్చు."

మామగారు నా వైపు తిరిగాడు. "గింజకి పొదుగు ఎక్కడుంటుందో కనుక్కో అల్లుడూ."

ఇంటికి వచ్చాక ఆయన టీ మానేశాడు. పాలు లేని టీని కడుగునీళ్ళన్నాడు. టీతోపాటు మాట తగ్గింది. మాటతోపాటు తిండి తగ్గింది. ఆ సంగతి టైలరమ్మ ద్వారా మా బావమరిదికి చేరింది. అతను రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉంటాడు. కారు నడపడం నేర్పే బడి అతనిది. మనిషి మంచివాడు. మాట సూటి.

"బావా, నాన్న తిండి మానేశారటగా?" అన్నాడు ఫోనులో. "నేను తీసుకొచ్చేసుకుంటాను. అక్క ఉన్నప్పుడంటే సరే. ఇప్పుడు మీకెందుకీ తిప్పలు?"

"తిప్పలేముంది? ఇద్దరం ఒకరికొకరం ఉన్నాం."

"మీరు అలాగే అంటారు. ఎండాకాలం అయ్యేలోగా ఒకసారి వస్తాను. ఆయన తేరుకుని కనిపిస్తే సరే, లేదంటే నాతో తీసుకెళ్తాను. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాను? నాకు తెలిసిన ఆవిడ పెళ్ళినాటి నుంచి మొదలవుతుంది. అంతకుముందటి ఆవిడ మొత్తం ఈయన దగ్గరే ఉంది. ఇంకెక్కడా లేదు. గ్లాసు నోటికి ఎత్తే ముందు బుగ్గకు ఆనించి వేడి చూసుకోవడం, కోపమొస్తే గోడతో మాట్లాడటం, చెప్పులు ఎప్పుడూ తిరగేసి విడవడం, ఇవన్నీ ఆవిడకు ఈయన నుంచి వచ్చినవే. ఆయన రైలెక్కితే నాకు మిగిలిన ఆవిడలో సగం ఆయనతో వెళ్ళిపోతుంది. ఈ మాట ఎవరితో చెప్పుకోను? చెప్పినా ఎవరికి అర్థమవుతుంది? అందుకని ఎవరితోనూ చెప్పకుండా, ఆయన తాగే పాలేవో తయారు చెయ్యడానికి నడుం కట్టాను.

మొదట ఓట్సు. నానబెట్టి, రుబ్బి, వడగట్టాను. చూడటానికి తెల్లగా, ముద్దుగా ఉన్నాయి. పొయ్యి మీద పెట్టేసరికి సాగడం మొదలుపెట్టాయి. చెంచా ఎత్తితే తీగలాగా వెంట వచ్చాయి. మామగారు గ్లాసు వంచి చూశాడు. లోపలిది కదలలేదు.

"దీన్ని మీ ప్రెస్సుకు పట్టుకెళ్ళు" అన్నాడు. "పుస్తకాలకు అట్టలు అంటించుకుంటారు."

తర్వాత వేరుశనగ. అవి కాస్త నయమే గాని పైన నూనె తేలింది. ఆయన గ్లాసులోకి తొంగి చూసి, "నా మొహం కనబడుతోంది. తలకు రాసుకోనా, తాగనా?" అన్నాడు.

బాదం చేశాను. టీలో పోస్తే విరిగిపోయింది. ముక్కలు ముక్కలుగా తేలుతున్న ఆ టీని ఆయన చాలాసేపు చూసి, "అల్లుడికి నెయ్యి లేదని సామెత ఉంది. మామకు పాలు లేవన్న సామెత ఇప్పుడు నువ్వు పుట్టిస్తున్నావు" అన్నాడు. తిట్టినా అది మాట కదా. ఇంట్లో మాట వినబడి చాలా రోజులైంది. ఆ పూట నాకు బాధ కలగలేదు.

చివరికి సోయా దగ్గర కుదిరింది. రాత్రి నానేసిన గింజల్ని పొద్దున కడిగి మూతపెట్టి వెళ్ళడం, సాయంత్రం ప్రెస్సు నుంచి రాగానే పొట్టు తీసి, వేడినీళ్ళతో మిక్సీలో రుబ్బి, గుడ్డలో పోసి పిండడం. వడగట్టడానికి మంచి గుడ్డ లేదంటే టైలరమ్మ లైనింగు గుడ్డ ముక్క ఒకటి అంచులు కుట్టి ఇచ్చింది.

"మీ మామగారికేనా?" అంది.

"ఆయనకే."

"అయితే జాగ్రత్తగా పిండండి. ఆయన నన్నే వదల్లేదు. నా మిషను చప్పుడు వింటే పాలు విరుగుతాయట."

అన్నదే గాని, మధ్యాహ్నం ఆయన వరండాలో కునుకు తీసినంతసేపు ఆవిడ మిషను తొక్కకుండా గుండీలు కుట్టుకునేదని నాకు తెలుసు.

మొదటి రోజు పిండుతుంటే మామగారు గడపలో నిలబడి చూశాడు. నేను గుడ్డను మెలిపెట్టి, తడిబట్ట పిండినట్టు పిండుతున్నాను. ఆయన ఓర్చుకోలేకపోయాడు.

"అలా కాదయ్యా! పీక పిసికినట్టు ఆ పిసుకుడేమిటి? ఇటివ్వు." లోపలికి వచ్చి గుడ్డ మూట అందుకున్నాడు. "బొటనవేలు లోపలికి మడువు. పైన పట్టు బిగించు. ఇప్పుడు ఒక్కో వేలూ కిందికి... పై నుంచి కిందికి. తొందరపడకు. తొందరపడితే అది చేపదు, పాలు వదలదు."

"ఇది గుడ్డ మామయ్యా. చేపడానికి ఏముంది?"

"గుడ్డయినా సరే, మర్యాదగా అడగాలి."

ఆయన చేతుల కింద పాలు సన్నటి ధారగా గిన్నెలో పడ్డాయి. ఆ చప్పుడుకు ఆయన మొహంలో ఏదో మారింది. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని. పిండటం అయ్యాక గుడ్డలో మిగిలిన పిప్పిని చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"ఇది ఆవుకి పెడితే అదే నిజం పాలిచ్చేది. నువ్వు మధ్యలో ఆవుని ఎగ్గొట్టావన్న మాట." ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎగ్గొట్టలేదులే. ఆవు ఉంది. రెండు కాళ్ళతో నిలబడి ఉంది."

మర్నాటికల్లా ఆ మాట వీధంతా పాకింది. పాలకు కూడా పేరు పెట్టేశాడు, బొంకుపాలు అని. తెల్లనివన్నీ పాలు కావు, ఇవి తెల్లగా అబద్ధమాడే పాలు అనేవాడు. అని, గ్లాసు బుగ్గకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని తాగేసేవాడు. "తాగుతున్నారుగా?" అంటే, "నువ్వు నొచ్చుకుంటావని" అనేవాడు. నేను కూడా ఇంటికి పాలు తేవడం మానేశాను. ఆయన ఎదుట తాగడానికి మనసొప్పలేదు.

అప్పటి నుంచి సాయంత్రాలు మారిపోయాయి. వంటింటి గచ్చు మీద ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో నీళ్ళ గిన్నె పెట్టుకుని, నానిన గింజల పొట్టు తీసేవాళ్ళం. అరచేతుల మధ్య మెల్లగా నలిపితే పొట్టు ఊడి నీళ్ళ మీద తేలుతుంది. చేతులు పనిలో ఉంటే మనిషికి మాట తేలిగ్గా వస్తుంది. ఆయన ఆవిడ గురించి చెప్పేవాడు. నేను అడక్కుండానే.

"దానికి ఏడెనిమిదేళ్ళుంటాయి" అన్నాడు ఒకరోజు. "సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాణ్ణి. 'పాలూ' అని అదే కేకేసేది. నా గొంతుకు ఎవరూ తలుపు తియ్యరు గాని దాని గొంతుకు వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. ఓ రోజు నేను ఒకరింట్లో పోసి వచ్చేలోగా సైకిలు ఒరిగి క్యాను ఒలికింది. అది ఏం చేసిందో తెలుసా? నేను తిడతానని, కుళాయి దగ్గరికి పోయి ఒలికినంత మేరా నీళ్ళు పట్టేసింది."

"ఎలా తెలిసింది మీకు?"

"పోస్తుంటే ధార చెబుతుందిగా. నీళ్ళు కలిస్తే చప్పుడు మారుతుంది. దాని మొహం చూశాను. కళ్ళ నిండా నీళ్ళు. క్యాను మొత్తం మురిక్కాలవలో ఒంపేశాను."

"మొత్తమా?"

"మొత్తం. ఆ రోజు వీధి వీధంతా పాలు లేకుండా గడిపింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఇవాళ పాలు చెడ్డాయి, పొయ్యను అని. నా పాలు తాగి ఒక్కరికి కడుపు నొచ్చిందన్న మాట నేను పడలేదు అల్లుడూ. పడను. దాన్ని మాత్రం ఏమీ అనలేదు. అదే వారం రోజులు గోడతో మాట్లాడింది."

పక్కన ఇన్నేళ్ళు పడుకుని, ఆవిడ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నీళ్ళలో పొట్టును చేత్తో పక్కకు నెడుతూ తల దించుకున్నాను. ఏడేళ్ళ పిల్ల కుళాయి దగ్గర క్యాను పట్టుకుని నిలబడి కనిపించింది. పోయిన మనిషి గురించి కొత్త సంగతి ఒకటి తెలియడం ఎంత సంతోషమో, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇంకా బతికే ఉన్నట్టు, ఇప్పుడే పక్కగదిలోంచి వచ్చి "నాన్నా, అది చెప్పేశావా?" అని సిగ్గుపడబోతున్నట్టు ఉంటుంది.

పాలు కాచేటప్పుడు మాత్రం ఆయన వంటింట్లో ఉండేవాడు కాదు. ఆ పచ్చి చిక్కుడు వాసన ఆయనకు పడదు. పిండటం అవగానే చేతులు కడుక్కుని కిందికి దిగి, టైలరమ్మ వరండాలో కూర్చునేవాడు. కాచి, చక్కెర కలిపి నేను కేకేస్తే వచ్చేవాడు.

బావమరిది ఫోను చేసినప్పుడల్లా నేను ధైర్యంగా మాట్లాడేవాణ్ణి. "తింటున్నారు. తాగుతున్నారు. నన్ను ఆడిపోసుకుంటున్నారు" అన్నాను ఒకసారి.

"ఆడిపోసుకుంటున్నారంటే బాగున్నట్టే" అని అతను నవ్వాడు. "అయితే ఊరికే చూసిపోతాలెండి."

ఆ మాట విన్న రోజు నేను ప్రెస్సు నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. బస్సెక్కాలని కూడా తోచలేదు. అంత సంతోషం.

ఎండాకాలం చివర, మబ్బులు పట్టి వాన పడకుండా ఉక్కపోసే రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. ప్రెస్సులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే మధ్యాహ్నమే ఇంటికి వచ్చి పడుకున్నాను. మామగారు వచ్చి నుదుటి మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెంటనే తియ్యలేదు. మా ఆవిడకు కూడా మొదట జ్వరమే వచ్చింది. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం ఫ్యాను వైపు చూశాం.

"ఏం తిన్నావు?"

"ఏమీ వద్దు మామయ్యా."

"వద్దంటే ఎలాగయ్యా? జ్వరం మనిషికి వేడిగా గుక్కెడు పాలు పడాలి." లేచి నిలబడ్డాడు. "ఈ ఇంట్లో అవి కూడా పితుక్కోవాలి. పడుకో. ఇవాళ ఆవుకి సెలవు."

నేను వద్దనాలనుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు. మగతలో మిక్సీ చప్పుడు వినబడింది. తర్వాత గిన్నెలో ధార పడుతున్న చప్పుడు. ఇంకో మనిషి మనకోసం వంటింట్లో మసలుతున్న చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి సాయంత్రపు వెలుగు గోడ మీద ఉంది. మంచం పక్కన స్టూలు మీద గ్లాసు, దాని మీద మూత. చేత్తో పట్టుకోగానే తెలిసింది, ఇంకా గోరువెచ్చగా ఉంది. నోటిదాకా తెచ్చి ఆగాను. పచ్చి వాసన.

లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి ఆర్పేసి ఉంది. గిన్నె అంచుదాకా నురగ వచ్చి ఎండిన గుర్తు ఉంది.

సోయాపాలలో ఒక మోసం ఉంది. ఆవుపాలు కాగితేనే పొంగుతాయి. ఇవి కాగక ముందే పొంగుతాయి. వేడి తగలగానే నురగ లేచి గిన్నె అంచుకు వచ్చేస్తుంది, లోపల పాలు ఇంకా పచ్చివే. ఆ పొంగు అణిచి, మంట తగ్గించి, తిప్పుతూ చాలాసేపు మరిగించాలి. లేకపోతే తాగినవాడి కడుపులో చిచ్చు పెడతాయి. పాలు కాచడం కొత్తగా నేర్చుకున్న నాలాంటివాడు అనుమానం కొద్దీ ఇంకాసేపు ఉంచుతాడు. బతుకంతా పొంగు చూసి గిన్నె దించిన చెయ్యి ఎందుకు ఆగుతుంది? పాల సంగతి తెలియనివాడు చెయ్యని తప్పు, తెలిసినవాడు చేశాడు.

ఆయన గ్లాసు తొట్టిలో ఉంది. ఖాళీది. అడుగున నురగ. ఎవరికి పోసే ముందైనా తాను తాగి చూడటం ఆయనకు అలవాటు. స్నానాలగది లోపలి నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినబడింది.

ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో తెలియదు. నన్ను లేపలేదు. తలుపు తోసేసరికి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి, "నువ్వెందుకు లేచావు? జ్వరం" అన్నాడు.

టైలరమ్మ ఆటో పిలిచింది. ఆవిడే ఒక పక్క ఆయన్ను పట్టుకుంది, ఇంకో పక్క నన్ను.

ఆస్పత్రిలో ఆయనకు సెలైను ఎక్కించారు. ఆ వయసులో అంత నీరు పోతే మనిషి నిలబడటం కష్టమన్నారు. నర్సు ఒకావిడ నా మొహం చూసి, మాట్లాడకుండా ఒక కుర్చీ తెచ్చి వేసి, నాకు కూడా ఒక మాత్ర ఇచ్చింది. తెల్లవారేసరికి ఆయన నాడి కుదుటపడింది. పొద్దున రైలుకు బావమరిది వచ్చాడు.

అతను మంచం పక్కన నిలబడి తండ్రి పాదాలు పట్టుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. కాని దుప్పటి బయటకు వచ్చిన కాలి బొటనవేలు మెల్లగా కదులుతోంది. ఆయన మెలకువగా ఉండి పడుకుంటే ఆ వేలు అలాగే ఆడుతుంది. నాకు తెలుసు.

డాక్టరు వచ్చి చార్టు చూసి, "ఏం తాగారు?" అన్నాడు.

"సోయాపాలు" అన్నాను. "పచ్చిగా ఉండిపోయాయి."

"ఇంట్లో చేసుకునేవాళ్ళు సరిగ్గా మరిగించాలి కదండీ. పెద్దవయసు" అని అతను పక్కమంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

బావమరిది నా వైపు చూశాడు. "ఎవరు కాచారు బావా?"

నేను సెలైను సీసాలో పడుతున్న చుక్కల్ని చూశాను.

"మీకు జ్వరమని టైలరమ్మ చెప్పింది. నాన్నే పొయ్యి దగ్గరికి వెళ్ళారా? అలాగైతే అలాగని చెప్పండి. ముసలాయన, ఏదో పొరపాటు, ఇక మీద చూసుకుందాం అనుకుంటాను. మీ చేతి మీదుగానే ఇలా జరిగిందంటే మాత్రం..." అతను మిగతాది అనలేదు. అక్కర్లేదు కూడా.

ఆ మాటతో అతను నా ముందు ఒక తలుపు తెరిచి పట్టుకున్నట్టే. ఒక్క మాటంటే చాలు, మామగారు నాతో ఇంటికి వస్తారు. ఆ మాట అబద్ధం కూడా కాదు. దుప్పటి చివర బొటనవేలు ఆడటం ఆగిపోయింది.

"నేనే" అన్నాను. "జ్వరం మత్తులో తొందరగా దించేశాను."

నర్సు ట్రాలీ తోసుకుంటూ మా మధ్యలోంచి వెళ్ళింది. మేమిద్దరం చెరో పక్కకు జరిగాం. బావమరిది తల ఊపాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. అతను కాస్త కోపం తెచ్చుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"మీ తప్పనను బావా. ఒక్కరే ఎంతని చూసుకుంటారు? మీ ఒళ్ళే మీ వశంలో లేదు." తండ్రి వైపు వంగాడు. "నాన్నా, నాతో వచ్చెయ్. వస్తావా?"

ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు. "వస్తాలేరా."

ఆయన బట్టలు ఒక్క సంచిలో పట్టాయి. టైలరమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి అనకుండా సాగనంపడం ఆవిడకు చేతకాదు.

"ఏం పెద్దాయనా, చివరికి అల్లుడి పాలు వికటించాయటగా?"

ఆయన టాక్సీ తలుపు పట్టుకుని ఆగాడు. ఏదో అనబోయాడు. ఆయన గొంతు పెగిలేలోగా నేనే అందుకున్నాను. "అవునమ్మా, నాకు కాచడం కుదరలేదు."

"ఊరుకోవమ్మా" అన్నాడాయన ఆవిడతో, నా వైపు చూడకుండా. "పాలన్నాక ఒక్కోసారి చెడతాయి."

అంతే. ఆయన కూర్చున్నాక తలుపు నేనే వేశాను. ఒకసారి వేస్తే సరిగ్గా పడలేదు. తెరిచి మళ్ళీ వేశాను. ఆ కాస్త వ్యవధిలో ఆయన మోకాలి మీద చెయ్యి వేస్తే బాగుండునని తర్వాత అనిపించింది. ఆ సమయంలో తలుపు గురించే ఆలోచించాను.

తన పాలు పొంగేదాకా కాగినవే గనక తప్పు నాదేనని ఆయన నిజంగా నమ్మాడో, తెలిసే ఊరుకున్నాడో నాకు తెలియలేదు. నమ్మితే మేలే. తన పాలు ఎవరికీ చెడు చెయ్యలేదన్న మాటతో ఆ మనిషి అన్నేళ్ళు తలెత్తుకు తిరిగాడు. ఈ చివరి వయసులో అది ఆయన దగ్గర ఉండనీ అనుకున్నాను. నా దగ్గర మాత్రం ఏం మిగిలిందో లెక్క వేసుకోదలచలేదు. సాయంత్రం ప్రెస్సు నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు తెలిసేది. తాళం బయటి నుంచి తియ్యడమే అప్పటిదాకా నాకు అలవాటు లేదు. ఆవిడ ఉన్నప్పుడు ఆవిడ తలుపు తీసేది. ఆవిడ పోయాక ఆయన తీసేవాడు.

వానలు మొదలైన వారం బావమరిది ఫోను నుంచి మామగారు మాట్లాడాడు. వెళ్ళాక ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఏం చేస్తున్నావు అల్లుడూ?"

"ఏముంది మామయ్యా. వాన చూస్తున్నాను."

"ఇక్కడా పడుతోంది." కాసేపు వాన చప్పుడే వినబడింది, అక్కడిదో ఇక్కడిదో. "కోడలుపిల్ల నాకోసం ఆ పాలేవో చేస్తానంటోంది. మంచిపిల్ల. గింజలు నానేసింది. పొట్టు తియ్యడం, పిండడం నేను చెప్పాను."

"మంచిది."

"కాచడం నువ్వు చెప్పాలి."

నేను ఫోను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"పొంగుతుందిగా" అన్నాడాయన మెల్లగా. "పొంగిన తర్వాత ఇంకా ఎంతసేపు ఉంచాలి?"

వాన చప్పుడు తగ్గేలా కిటికీ మూశాను.

"చాలాసేపు మామయ్యా. మొదటి పొంగుని లెక్కలోకి తీసుకోకూడదు. మంట తగ్గించి, నురగంతా అణిగి, ఆ పచ్చి వాసన పూర్తిగా పోయేదాకా తిప్పుతూ ఉండాలి."

"అంతసేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారయ్యా?"

"నేను నిలబడేవాణ్ణి."

"ఊఁ" అన్నాడు. మళ్ళీ, "నిలబడేవాడివి" అన్నాడు.

ఆయన ఊపిరి వినబడుతోంది, ఎగుడుదిగుడుగా. నేను "మామయ్యా" అని రెండుసార్లు పిలిచాను. ఫోను చేతులు మారిన చప్పుడయింది.

"బావా" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి. "నాన్న ఎందుకలా ఏడుస్తున్నారు? మీరేమన్నారు?"

"నేనేమీ అనలేదు" అన్నాను. "పాలు ఎలా కాచాలో అడిగారు. చెప్పాను."